ఏడో చుక్కను వెతుక్కుంటూ కుప్పం దాకా

పిల్లలూ, మొన్న దీపావళికి ఫోన్లో మీరు ముగ్గురూ ఒకేసారి నవ్వారు. నాగపూర్ నుంచి చిన్ని, గువాహటి నుంచి అభి, బుజ్జి. నేనన్నదేమిటి? పాత కథల్లో ఉన్నవన్నీ ఎవరో ఒకరు కళ్లారా చూసినవే, ఆకాశంలోనో నేలమీదో నిజంగా జరిగినవే అన్నాను. పాము సూర్యుణ్ణి మింగడమంటే గ్రహణం. కొండలు దాటి దక్షిణానికి వచ్చిన ముని అంటే మన దక్షిణాన పొడిచే పెద్ద చుక్క. అంతవరకూ మీరు ఊఁ కొట్టారు. ఏడుగురు అక్కగార్ల దగ్గరకు వచ్చేసరికి అభి, "రుజువేది అమ్మమ్మా?" అన్నాడు. ఇక నవ్వులే నవ్వులు.

ఆ రుజువు తేవడానికే మాఘమాసంలో మదనపల్లె వైపు పోయాను. నాలుగు రోజులు తిరిగాను. రుజువు మాత్రం దొరకలేదు. దాని బదులు ఒక అక్క తన చెల్లెలికి పంపిన మాట మోసుకుని కుప్పం దాకా పోవాల్సి వచ్చింది. నలభై ఏళ్లుగా మాటల్లేని ఇద్దరు ముసలివాళ్లు మళ్లీ కలుస్తారా లేదా అన్నది ఆ మాట మీద ఆధారపడింది. ఇంత పని నా చేతిలో పడడం వాళ్ల గ్రహచారం.

ముందు నా సిద్ధాంతం చెప్పనివ్వండి. ఇప్పుడు నవ్వినా నాకు వినపడదు. చిత్తూరు సీమ పల్లెల్లో పొలం గట్ల మీద ఏడు రాళ్లు వరసగా నిలబెట్టి పసుపు పూసి అక్కగార్లు అంటారు. ఏడుగురు అక్కచెల్లెళ్లు. ఆకాశంలో కృత్తికలు, మనం పిల్లలకోడి అంటామే, అక్కడ మామూలు కంటికి ఆరు చుక్కలే కనిపిస్తాయి. కుమారస్వామికి పాలిచ్చిన కృత్తికలు కూడా ఆరుగురే. మరి నేలమీద ఏడుగురైతే పైన ఆ ఏడో ఆమె ఏమైంది? ఎప్పుడో వేల ఏళ్ల కింద ఏడో చుక్క మసకబారింది. దాన్ని చూసిన జనం చెల్లెలు అలిగిపోయిందని చెప్పుకున్నారు. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో రాళ్లు ఆరే ఉన్నాయని, ఏడో ఆమె అలిగి దక్షిణానికి పోయిందని చెప్పుకుంటారని విన్నాను. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేసినదానికి, ఏడులోంచి ఒకటి తీస్తే ఆరు అని తేలడం ఎంత సంబరమో మీకు తెలియదు.

మదనపల్లె

సోమవారం గ్రేసమ్మ ఇంట్లో దిగాను. మీ తాతయ్య ఆపరేషన్ రోజుల్లో మాకు పరిచయమైన నర్సు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైంది. మదనపల్లెలో ఎవరితో మాట కలిపినా రెండో మాటలో టమోటా వస్తుంది. మన రేపల్లెలో వానెప్పుడని అడిగినట్టు అక్కడ పెట్టె ఎంత పలికిందని అడుగుతారు. ఆ రోజు ధర పడిపోయినట్టుంది, ఆటోవాడు, కూరగాయలమ్మి, చివరికి గ్రేసమ్మ ఇంటి పనిమనిషి కూడా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు మొహాలు పెట్టుకున్నారు. మార్కెట్ దగ్గర ఒకాయన నాకు రెండు కిలోలు ఊరికే ఇచ్చేశాడు. అవి సంచిలో వేసుకుని నాలుగు రోజులు తిరిగాను, మిగతా కథ నా చీర చెబుతుంది.

చీకటి పడగానే మేడ మీదకు పోయాం. కృత్తికలు నడినెత్తిన ఉన్నాయి. నా సిద్ధాంతమంతా గ్రేసమ్మకు చెప్పి, లెక్కపెట్టమన్నాను. ఆమె తల పైకెత్తి, వేలు ఆడిస్తూ నిదానంగా లెక్కపెట్టింది.

"ఏడుండాయి కదక్కా."

మళ్లీ లెక్కపెట్టమన్నాను. మళ్లీ ఏడే. పోయిన నెల కంటిపొర తీయించుకుని కొత్త లెన్సు వేయించుకుందట. నోట్‌బుక్కులో 'ఆరు' అని ముందే రాసుకున్న చోట కొట్టివేయకుండా, పక్కన చిన్న అక్షరాలతో 'లెన్సు లోపం కావచ్చు' అని రాశాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇలా రాసి ఉంటే సున్నా వేసేదాన్ని.

పడుకోబోయే ముందు గ్రేసమ్మ నిదానంగా ఒక మాట అంది. "మా బైబిల్లో జ్ఞానులు గూడా సుక్కను సూసి బయల్దేరినోళ్లే అక్కా. దోవలో అడగరాని సోట అడిగి, ఊళ్లో పసిబిడ్డల ప్రాణాల మీదికి తెచ్చినారు. నువ్వు అడిగేది యాడ అడగతాండావో సూసుకోని అడుగు."

నేను నవ్వేశాను. నా ప్రశ్నతో ఎవరికేం నష్టమనుకున్నాను.

దోవలో ఏడు రాళ్లు

మంగళవారం పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాను. అక్కడ దిగి, పల్లెకు మస్తాన్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. రెండు వందలు అడిగాడు. నేను నూట యాభై అన్నాను. నేను ఎందుకు పోతున్నానో విన్నాక, పాపమనుకున్నాడేమో, సరేనన్నాడు. అక్కగార్ల కథ ఆయనకూ వాళ్ల నాయనమ్మ ద్వారా తెలుసు. "మా జేజి చెప్పేది మా, ఎప్పటిదో. తురకోళ్లమైనా బిడ్డకు అమ్మవారు పోస్తే మా జేజి ఆడికే పసుపు పంపేది" అన్నాడు. 'ఎప్పటిదో' అన్న మాట కింద నోట్‌బుక్కులో రెండు గీతలు గీశాను.

దారిలో చెనిక్కాయల చేను పక్కన రాళ్లు కనబడితే ఆటో ఆపించాను. ఏడు రాళ్లు, అన్నిటికీ పసుపు, కుంకుమ. పొడవు, వెడల్పు కొలిచాను. చివరి రాయి మిగతావాటికంటే నున్నగా, నాలుగు పలకలుగా ఉంది. ఆ ఏడో ఆమెను ప్రత్యేకంగా చెక్కించారంటే ఎంత పాత జ్ఞాపకమో అని నాకు ఒళ్లు పులకరించింది. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన నా టేపు చూసి ఆగాడు. సర్వేవాళ్లమనుకున్నాడట. తర్వాత చెప్పాడు, అది అక్కగారు కాదు, సర్వే రాయి. మండలాఫీసువాళ్లు పాతింది. మరి దానికి పసుపు ఎందుకు పూశారని అడిగాను.

"ఆరింటికి పూసి దాన్ని ఇడిసిపెడితే బాగుండదని ఆడోళ్లు పూస్తారు మా. పక్కనే ఉండాది కదా."

మస్తాన్ అటు తిరిగి దగ్గుకున్నాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

పుంగనూరు పల్లెలో

పల్లెలో రాళ్లు నిజంగానే ఆరు. నేనే లెక్కపెట్టాను, మస్తాన్ చేత లెక్కపెట్టించాను. పక్కన ఏడో రాయి ఉండాల్సిన చోట గుంట కూడా ఉంది. గుడి లేదు, వెనక చిన్న గోడ మాత్రమే. పూజ చేసే ఇల్లు ఎదురుగానే. ఇంటి పెద్ద చెంగమ్మ. డెబ్భై దాటి ఉంటాయి. వాకిట్లో కూర్చుని అనపగింజలు పితుకుతోంది. నానబెట్టిన గింజను వేళ్ల మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు బయటకు దూకుతుంది. ఈ సీమలో చలికాలమంతా ఇదే కూర, పితికిపప్పు. నేనూ పక్కన కూర్చుని పితికాను. నేను నొక్కిన మొదటి గింజ నా కంట్లోకే దూకింది. మన కోస్తావాళ్లం కందిపప్పు తప్ప ఏదీ చేతితో ముట్టమని చెంగమ్మకు అర్థమైంది.

పక్కన కోళ్లగూడంత ఎత్తున పుంగనూరు ఆవు ఒకటి కట్టేసి ఉంది. దాని ధర విని, ఆ డబ్బుతో మా వీధిలో చిన్న స్థలమే కొనొచ్చని పైకే అన్నాను. "స్థలం పాలిస్తాదా?" అంది చెంగమ్మ.

గొంతు సవరించుకుని, ఇక్కడి నుంచి దక్షిణాన కుప్పం దాకా పోతానని చెప్పి, నా ప్రశ్న అడిగాను. వేల ఏళ్ల కింద అలిగి పోయిన ఏడో అక్క గురించి తమ పెద్దలు ఏం చెప్పేవాళ్లు?

చెంగమ్మ చేయి ఆగింది. "వేల ఏండ్లేంది మా. నలభై ఏండ్లు. ఆ రాయిని మా సెల్లెలు మునెమ్మ ఎత్తుకోని పోయింది. కుప్పం బస్సులో."

పిల్లలూ, ఆ క్షణం నా మొహం మీరు చూసి ఉండాల్సింది. ఆకాశంలో అంత పెద్ద చుక్క ఆరిపోతే, ఇక్కడ బస్సులో కండక్టరు టికెట్టు కొట్టాడన్నమాట.

మిగతాది ఆమె గింజలు పితుకుతూనే చెప్పింది. పూజ వాళ్ల పుట్టింటిది. కొడుకులు లేరు కాబట్టి చెంగమ్మకు మొగుణ్ణి ఇల్లరికం తెచ్చారు. జాతర రోజు పొంగళ్లు పెట్టేటప్పుడు మొదటి కుండ ఆ ఇంటి పెద్దామెది. దాని కింద పొయ్యి వెలిగాకే మిగతావాళ్లు వెలిగించాలి. కుప్పం వైపు ఇచ్చిన మునెమ్మ ఆ ఏడాది రోగంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని వచ్చింది. మొదటి కుండ నేను పెడతానని మొక్కుకున్నాను, ఈ ఒక్కసారికి ఇవ్వమంది. ఆచారం ఆచారమే, నీ వంతు వచ్చేవరకు ఆగమంది చెంగమ్మ. వంతు వచ్చేసరికి వాన దిగింది. మునెమ్మ పొయ్యి అంటుకోలేదు. తెల్లారి లేచి చూస్తే చెల్లెలూ లేదు, చివరి రాయీ లేదు. ఇక్కడ పెట్టనివ్వకపోతే నేనున్న చోటే పెట్టుకుంటానని పొరుగామెతో చెప్పిపోయిందట. దేవుడి దయవల్ల ఆ బిడ్డ బతికాడు, ఇప్పుడు అతనికే ఎదిగిన పిల్లలు. కానీ మాటల్లేవు. ఒకసారి కోడలు ఫోన్ కలిపిస్తే, చెంగమ్మ గొంతు వినగానే అవతల పెట్టేశారు. ఊళ్లో పిల్లలు మాత్రం దేవత అలిగి పోయిందని కథలు చెప్పుకుంటున్నారు. మస్తాన్ వాళ్ల జేజికి కూడా ఈ నలభై ఏళ్లలోనే ఎవరో చెప్పి ఉండాలి. ఆయన నావైపు చూడలేదు.

గ్రేసమ్మ అన్నది అప్పుడు గుర్తొచ్చి లేచిపోబోయాను. చెంగమ్మ ఆపింది.

"కుప్పానికి పోతానంటివి కదా. పోతే మా మునెమ్మకు ఒక మాట చెప్పు. ఈ ఏడు మొదటి కుండ దానిదే. వచ్చే ఏడాదికి ఇంట్లో పెద్దరికం కోడలికి ఇస్తాండాను, నాకు సేతకాదు. అప్పుడు ఇయ్యాలన్నా నా సేతిలో ఉండదు. రాయి తేవద్దు. దాన్ని రమ్మను. వచ్చే మంగళారం కాదు, ఆపై మంగళారం జాతర."

కుప్పానికి పోతానని నేను అన్నది ఏడో చుక్క కోసం. అది ఆమెకు చెప్పలేకపోయాను.

కుప్పం

బుధవారం పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరాను. బస్సులో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో వినొచ్చు. నా పక్కన కూర్చున్నామె ముగ్గురితో మూడు భాషల్లో పోట్లాడింది, దేనిలోనూ తడబడలేదు. నేను మాత్రం దారంతా, మునెమ్మ రాయి ఎత్తుకుపోవడానికి అసలు కారణం అంతకు ముందే ఆ పాత కథ జనంలో ఉండడమేమో అని ఇంకా నోట్‌బుక్కులో రాసుకుంటూనే ఉన్నాను. మొండితనానికి వయసుతో పని లేదు.

మునెమ్మ ఊళ్లో ముందు రాయి కనిపించింది. కానుగ చెట్టు కింద ఉంది. చుట్టూ ఇంకో ఆరు. నీళ్లు మోసుకుపోతున్న కోడలు చెప్పింది, ఒక్కదాన్నే ఎట్లా పెట్టేదని ఊళ్లో ఆడవాళ్లు తోడు తెచ్చి పెట్టారట. అంటే అక్కడ ఆరుగురు, ఇక్కడ ఏడుగురు. ఇక ఆకాశంలో ఎంతమంది ఉన్నా నాకు అక్కర్లేదనిపించింది. నోట్‌బుక్కు సంచిలో టమోటాల కిందకు పోయింది.

మునెమ్మ పట్టుపురుగుల షెడ్డులో ఉంది. లోపలికి అడుగు పెట్టబోతుంటే, లోపల నుంచే ఆపింది. ముక్కు ఎగబీల్చింది. బస్సు కుదుపులకు మోకాళ్లు నొప్పెట్టి ఘాటుగా బామ్ రాసుకున్నాను. ఆ వాసనకు పురుగులు మేత మానేసి చస్తాయట. కాళ్లు సున్నం నీళ్లలో కడిగినా లాభం లేదు, మాట ఏదో బయట నుంచే చెప్పమంది.

నా గొంతు సంగతి మీకు తెలుసు. క్లాసులో మూడో బెంచీకి నేను వినపడేదాన్ని కాదు. లోపల వేల పురుగులు ఆకు నములుతుంటే ఆ చప్పుడు పెంకుల మీద వాన పడినట్టుంది. నలభై ఏళ్ల అలక తీర్చే మాట, అక్క మెల్లగా నా చెవిలో వేసిన మాట, వల తలుపు బయట నిలబడి నేను కేక పెట్టి చెప్పాలి. మొదటిసారి వినపడలేదంది. రెండోసారి "పుంగనూరు నుంచి" అన్నంతవరకు వినపడింది. మూడోసారికి పక్కిళ్లవాళ్లు నలుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకామె జాలిపడి, నేను ఒక్కో ముక్క అంటుంటే తన పెద్ద గొంతుతో లోపలికి అందించింది. 'ఈ ఏడు మొదటి కుండ నీదేనంట!' అని ఆమె అరిచినప్పుడు ఊరంతా విన్నది.

మునెమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. చెంగమ్మ ముక్కే, చెంగమ్మ నుదురే. చేతిలో మల్బరీ ఆకు కట్ట.

"నాలుగో జొరం లేసి మూడు దినాలాయ. ఇప్పుడు కొమ్మల్తోనే ఏస్తాండాను, పొద్దుకు నాలుగు తూర్లు. ఇడిసిపెట్టి యాడికి వచ్చేది? నాకు తీరిక లేదని చెప్పు."

అంతే. లోపలికి పోయింది. కోడలు నాకు రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి పెట్టింది. సంగటి వేడిగా, గుండ్రంగా, నా గుప్పిట్లో పట్టనంత ఉంది. నమలకుండా మింగాలని ఎవరూ చెప్పలేదు. నమిలి నమిలి గంట తిన్నాను. ఆ గంటలో మునెమ్మ మళ్లీ బయటకు రాలేదు.

మళ్లీ పుంగనూరు పల్లె

గురువారం కుప్పం నుంచి నేరుగా పుంగనూరు వచ్చే మధ్యాహ్నం బస్సులో తిరుగు ప్రయాణం. పుంగనూరులో దిగేసరికి మూడున్నర. దారంతా వాక్యాలు అల్లుకున్నాను. 'తీరిక లేదు' అన్నదాన్ని ఎంత మెత్తగా చెప్పొచ్చు? 'చూస్తానంది' అంటే అబద్ధం. పాత కథలను నాకు నచ్చినట్టు వంచినంత తేలిగ్గా దీన్ని వంచలేకపోయాను. ఆ ముసలామె రెండు వారాలు ఎదురుచూస్తుంది కదా. ఆటో దిగేసరికి ఉన్నదున్నట్టే చెప్పాలని నిశ్చయించుకున్నాను.

చెంగమ్మ వాకిట్లోనే ఉంది. "రానన్లేదు, తీరిక లేదని చెప్పమంది" అన్నాను. పురుగుల గొడవ చెప్పనవసరం లేదనుకున్నాను. ఆమె నేల వైపు చూస్తూ, అప్పుడు ఏం చేస్తోందని అడిగింది. పురుగులకు మేత వేస్తోందన్నాను.

"ఎన్నో జొరం?"

నాకు అర్థం కాలేదు. జ్వరం ఎవరికని అడిగాను. పురుగులు నాలుగుసార్లు మేత మానేసి కదలకుండా పడుకుని తోలు విడుస్తాయట, దాన్నే ఇక్కడ జ్వరమంటారు. అప్పుడు మునెమ్మ అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నాలుగో జ్వరం లేచి మూడు దినాలు. కొమ్మలతోనే వేస్తోంది. రోజుకు నాలుగుసార్లు.

చెంగమ్మ చేతివేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"నిన్నటికి మూడు. ఇంగ నాలుగు దినాలు మేస్తాయి. ఆదివారానికి పండుతాయి. ఐదు దినాలు గూడు కట్టనిచ్చి, శుక్రారం దించుతాది. శనివారం గూడు సంతకు పోతాది. మరుసటి దినం ఆదివారం షెడ్డు కడుక్కుంటాది." ఆగింది. "సోమారం కాళీనే."

జాతర ఆ మర్నాడే.

నేను మెల్లగా, ఆమె తీరిక లేదనే అంది కదమ్మా, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు అన్నాను. నాలాంటిదానికి ఆ మాట అనే అర్హత ఏముంది చెప్పండి. ఆరు రాళ్లు చూసి వేల ఏళ్లు లెక్కగట్టినదాన్ని.

"రాననాలంటే రాననే అంటాది, దాని నోరు నాకు తెల్దా" అంది చెంగమ్మ. "పురుగు లెక్క నీకు తెలీదు. నీకు తెలీదని దానికి గూడా తెలుసు. మరి యాల చెప్పింది? నాకు చెప్పమనే."

కుప్పం నుంచి వచ్చే బస్సు ఎన్నింటికని నన్నే అడిగింది, నేను అందులోనే వచ్చాను కాబట్టి. మూడున్నరకని చెప్పాను. కోడలిని కేకేసి, వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం రాత్రికి సంగటి ఒక మనిషికి ఎక్కువ కెలకమని చెప్పింది. కోడలు నావైపు అనుమానంగా చూసింది. నేను ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మాన్‌లా, అందులో ఏముందో తెలియనట్టే నిలబడ్డాను.

ఇది రాస్తున్నది ఆదివారం పొద్దున, చెంగమ్మ లెక్కలోని ఆ రెండో ఆదివారం. అభీ, నువ్వడిగిన రుజువు నా దగ్గర లేదు. కానీ లెక్క ప్రకారం, ఈపాటికి కుప్పం దగ్గర మునెమ్మ షెడ్డు కడుక్కుంటూ ఉండాలి.